గంట మోగినప్పుడు మొదట లేచేది ఎవరు?

గత నెలలో ఒక ఉదయం రక్తపరీక్షల కోసం మా చోడవరంలోని ఒక పరీక్షా కేంద్రానికి వెళ్ళాను. డెబ్బై దాటిన తరువాత వైద్యుడు కూడా రోగియే. ముందురాత్రి నుండి ఏమీ తినకుండా, పాత నివేదికల కవరు చేతిలో పట్టుకొని, రెండవ అంతస్తులోని హాలులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నాతోపాటు మరో పన్నెండు మంది ఉన్నారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ చెప్పను. చెప్పబోయేది ఆ ఒక్క భవనపు తప్పు కాదు. మీరు రేపు ఉదయం వెళ్ళబోయే ఏ భవనంలోనైనా జరుగగలిగినదే.

ఏడున్నర ప్రాంతంలో పైకప్పుకు బిగించిన తెల్లని గుండ్రని పరికరం ఉన్నట్టుండి కీచుమని మోగడం మొదలుపెట్టింది. పొగను పసిగట్టి హెచ్చరించే పరికరం అది. అందరమూ తలలెత్తి చూశాము. తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. రక్తం తీస్తున్న కుర్రవాడు సూది మీదనుండి దృష్టి మరల్చకుండానే, "అది అప్పుడప్పుడలాగే మోగతాదండి బాబూ. దుమ్ము పడితే చాలు. మీరు కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాము.

నేనూ కూర్చున్నాను. ఎదురుగా, పిల్లవాడిని ఒడిలో పెట్టుకున్న ఒక తల్లి లేవబోయి, నా వంక చూసి, "డాక్టరు గారే కూర్చున్నారు కదా, ఏం లేదులే నాన్నా" అని పిల్లవాడిని సముదాయించి మళ్ళీ కూర్చున్నది. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. అప్పటికీ నేను లేవలేదు.

సుమారు నాలుగు నిమిషాల తరువాత కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. అప్పుడు గాని నా కాళ్ళు కదలలేదు. "అందరూ లేవండి, మెట్లమీదుగా క్రిందికి దిగుదాం" అన్నాను. ఆశ్చర్యమేమంటే, నాలుగు నిమిషాలు గంట చేయలేని పనిని ఆ ఒక్క మాట చేసింది. అందరూ ఒక్కసారిగా లేచారు. కుర్రవాడు మాత్రం వెనుదిరిగి, "శాంపిళ్ళు మెషీన్లో ఉన్నాయి సార్" అంటూ లోపలికి పోబోయాడు. చేయి పట్టుకొని ఆపవలసి వచ్చింది. ఒక పెద్దాయన లిఫ్టు మీట నొక్కుతూ నిలుచున్నాడు. ఒకావిడ డబ్బు కట్టిన రసీదు కోసం కుర్చీ దగ్గరకు తిరిగి వెళ్ళింది. మెట్ల మలుపులో రసాయనాల అట్టపెట్టెలు, ఒక విరిగిన కుర్చీ. చివరి మెట్టు దగ్గర అడ్డంగా ఒక మోటారు సైకిలు. ఒకరి తరువాత ఒకరుగా, పక్కకు తిరిగి దిగాము.

వీధిలోకి వచ్చి నిలబడిన తరువాత ఎవరికీ తోచని విషయం ఒకటి ఆ పిల్లవాడి తల్లికి తోచింది. "లోపల బాత్రూములో ఎవరో ఉన్నారండి" అన్నది. మూత్రపు నమూనా ఇవ్వడానికి వెళ్ళిన ఒక ముసలాయనను అందరమూ మరచిపోయాము. నేనూ మరచిపోయాను. కుర్రవాడు పైకి పరుగెత్తబోతుండగానే ఆయన దగ్గుకుంటూ, చేతిలో ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒలకకుండా జాగ్రత్తగా పట్టుకొని, మెట్లు దిగి వచ్చాడు. నలుగురూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

చివరికి తేలినదేమంటే, కరెంటు పోయినప్పుడు యంత్రాలను నడిపే బ్యాటరీలున్న చిన్న గదిలో తీగ వేడెక్కి, దాని పైతొడుగు కాలింది. క్రింది మందుల దుకాణంలోని యువకుడు మెయిన్ స్విచ్ ఆపి, పొడి చల్లే అగ్నిమాపక సిలిండరుతో దానిని ఆర్పివేశాడు. ఆ బ్యాటరీలకు రెండడుగుల దూరంలో స్పిరిట్ డబ్బాలు, మిథనాల్ సీసాలు వరుసగా ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అరగంటలో మళ్ళీ పరీక్షలు మొదలయ్యాయి. ఏమీ జరగలేదు గనుకనే ఈ సంగతి మీకు వ్రాస్తున్నాను. జరిగిన తరువాత వ్రాసేది పత్రికలవారు. జరగకముందు వ్రాయవలసినది మావంటివారు.

మనం ఎందుకు కదలము?

ఆ నాలుగు నిమిషాలను గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తెలియక కూర్చున్నానా? తెలుసు. భయం లేక కూర్చున్నానా? గుండె కొంచెం వేగంగానే కొట్టుకున్నది. నలుగురూ కూర్చున్నారు గనుక కూర్చున్నాను. ఆ నలుగురేమో నేను కూర్చున్నాను గనుక కూర్చున్నారు.

దీనిని 1968లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బిబ్ లాటనే, జాన్ డార్లీ, ఒక ప్రయోగంలో చూపించారు. విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నాపత్రం నింపమన్నారు. కొంతసేపటికి గోడలోని కన్నం గుండా గదిలోకి పొగ వదిలారు. గదిలో ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్ళి పొగ సంగతి చెప్పారు. పక్కన మరో ఇద్దరు, ముందే చెప్పిపెట్టిన మనుషులు, పొగను పట్టించుకోకుండా వ్రాసుకుంటూ కూర్చుంటే మాత్రం, చెప్పినవారు పదిమందిలో ఒక్కరే. మిగిలినవారు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ కాగితం నింపుతూనే ఉన్నారు. తక్కిన ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారంటే ప్రమాదం లేనట్లేనని వారు అనుకున్నారు.

మనదేశంలో దీనికి మరొక ముడి కూడా ఉన్నది. మనం పెద్దలను చూసి నడుచుకునేవాళ్ళం. హాలులో డాక్టరు ఉంటే డాక్టరును, తరగతిలో మేష్టారును, కార్యాలయంలో అధికారిని, ఇంట్లో తాతను చూస్తాము. పెద్దవాడు లేస్తే అందరూ లేస్తారు. పెద్దవాడు కూర్చుంటే, అతని మౌనమే అందరికీ అభయమవుతుంది. ఆ ఉదయం నేను ఏ మాటా చెప్పకుండానే పన్నెండు మందికి తప్పుడు సలహా ఇచ్చాను.

వైద్యవృత్తిలో నాకిది కొత్త విషయం కాదు. ఛాతీలో బరువు, ఎడమచేతిలోకి పాకే నొప్పి, చెమటలు: ఇవన్నీ శరీరం మోగించే గంటలే. తెల్లవారుజామున మొదలైన నొప్పితో మధ్యాహ్నానికి వచ్చిన రోగి, "గ్యాస్ అనుకున్నానండి" అంటాడు. వెంట వచ్చిన అన్నగారు, "నేనే సోడా తాగమన్నాను" అని తల దించుకుంటాడు. గంట అబద్ధం కావచ్చు. కాని అది అబద్ధమో కాదో తేల్చుకునే చోటు ఆసుపత్రి. ఇంటి మంచం కాదు. అలాగే పొగగంట అబద్ధమో కాదో తేల్చుకునే చోటు వీధి, గది కాదు.

పొగ ఏమి చేస్తుంది?

అగ్నిప్రమాదం అనగానే మనకు మంటలు కనబడతాయి. నిజానికి భవనాలలో చనిపోయేవారిలో ఎక్కువమందిని చంపేది పొగ. మంట ఇంకా రెండు గదుల అవతల ఉండగానే అది పని పూర్తి చేస్తుంది.

పొగలో మొదటి శత్రువు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకుంటుంది. అంటే మీరు గాలి పీలుస్తూనే ఉంటారు, రొమ్ము ఎగిసిపడుతూనే ఉంటుంది, కాని మెదడుకు ఆక్సిజన్ చేరదు. మొదట తలనొప్పి, వికారం, తరువాత అయోమయం. ఈ అయోమయమే అన్నిటికంటే ప్రమాదం. తలుపు ఎటున్నదో తెలిసిన మనిషికే తెలియకుండా పోతుంది. తొందరగా లేచినవాడు తన కాళ్ళతో దిగుతాడు. ఆలస్యం చేసినవాడిని మరొకరు మోయవలసి వస్తుంది.

రెండవది హైడ్రోజన్ సైనైడ్. కుర్చీల మెత్తలలోని ఫోము, పరుపులు, కొన్నిరకాల ప్లాస్టిక్కులు కాలినప్పుడు ఇది పుడుతుంది. మూడవది వేడిగాలి, మసి. ఇవి గొంతు లోపలి పొరను కాల్చి వాపు తెస్తాయి. ఆ వాపు వెంటనే కాక, కొన్ని గంటల తరువాత పెరిగి శ్వాసమార్గాన్ని మూసివేయవచ్చు.

మన ముక్కును నమ్ముకోవద్దు. కళాశాల రసాయన శాలల్లో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడే ఆ వాసన. మోతాదు పెరిగితే అది వాసన తెలిపే నరాన్నే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది గనుక వాయువు పోయిందనుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. నిద్రలో ఉన్న మనిషిని పొగవాసన లేపుతుందన్న నమ్మకమూ అటువంటిదే. అందుకే పైకప్పున ఆ తెల్లని పరికరం. లోపలి కాంతికిరణానికి పొగరేణువులు అడ్డుపడి వెలుతురును చెదరగొడితే అది మోగుతుంది. దుమ్ముకు, ఆవిరికి, లోపల చేరిన పురుగుకు కూడా మోగవచ్చు. అందుకు చికిత్స దానిని తుడిపించడం. నోరు మూయించడం కాదు.

మన తెలుగు ఊళ్ళే ఈ పాఠాన్ని చాలాసార్లు చెప్పాయి. 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన స్వర్ణ ప్యాలెస్ హోటలులో మంటలు లేచి 10 మంది మరణించారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో రూబీ హోటల్ క్రిందనున్న విద్యుత్ స్కూటర్ల దుకాణంలో పుట్టిన పొగ పైఅంతస్తులకు ఎక్కి 8 మందిని బలిగొన్నది. 2023 మార్చి 16న అదే నగరంలో స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో చిక్కుకుపోయి, ఊపిరాడక మరణించిన ఆరుగురూ ఉద్యోగం వెతుక్కుంటూ నగరానికి వచ్చిన యువతీయువకులే.

నా పాత బాకీ

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. వ్రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఆ ఆసుపత్రి పేరు అవసరం లేదు. పరీక్షల గదికి నేనే బాధ్యుడిని. నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన ఒక టెక్నీషియను ఉండేవాడు. మూత్రంలో చక్కెర చూడడానికి నీలిరంగు బెనెడిక్ట్ ద్రావకాన్ని పరీక్షనాళికలో పోసి స్పిరిట్ దీపం మీద కాచే కాలమది. దీపంలో స్పిరిట్ తగ్గితే, దానిని ఆర్పకుండానే పెద్ద సీసాతో పోసేవాడు. పగటివెలుతురులో స్పిరిట్ మంట కంటికి సరిగా ఆనదు. ఆరిందనుకున్న దీపం ఆరి ఉండదు. అతడు అలా పోయడం నేను ఒకటి కాదు, పదిసార్లు చూశాను. ఏమీ అనలేదు. పని చురుకుగా చేసే కుర్రవాడు. చిన్న విషయానికి చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాను.

ఒకరోజు మంట ధారను పట్టుకొని సీసాలోకి ఎగబాకింది. సీసా వదిలేసి దూరంగా జరిగి ఉంటే చేతివ్రేళ్ళు చురుక్కుమనడంతో పోయేది. అతడు సీసాను కాపాడబోయాడు. అది ఆ నెలకంతా వచ్చిన స్పిరిట్. రెండు చేతులూ, మెడా కాలాయి. బ్రతికాడు. కుడిచేతి వ్రేళ్ళు మూడు మాత్రం ముడుచుకొని మళ్ళీ చాపుకోలేదు. సూక్ష్మదర్శినిని సవరించవలసిన వ్రేళ్ళవి.

అతడు ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి మనుమలతో ఉన్నాడు. మొన్నటి సంఘటన తరువాత ఫోనులో మాట్లాడుతూ, ఇన్నేళ్ళకు అడిగాను: "ఆ రోజులలో నేను ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే వినేవాడివా?" కొంచెంసేపు ఆగి, "మీరు చెబితే ఎందుకు వినమండీ, డాక్టరు గారూ" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మరీ బరువుగా ఉన్నది.

ప్రయోగశాల అనగా ఎక్కడో లేదు

చోడవరం అంటే ఒకప్పుడు చెరకు తోటలు, బెల్లపు బట్టీలు, గోవాడ చక్కెర కర్మాగారం. విశాఖపట్నం జిల్లాలోని మా ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ మధ్యకాలంలో మా పిల్లలు రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, పరవాడ, అచ్యుతాపురం మందుల పరిశ్రమల ప్రయోగశాలలకు ఉద్యోగాలకు పోతున్నారు. 2024 ఆగస్టు 21న, మధ్యాహ్న భోజనవేళ, అచ్యుతాపురంలోని ఎసియెన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ కర్మాగారంలో ఒక ద్రావకం కారి, దాని ఆవిరి గాలిలో మేఘంలా కమ్ముకొని, నిప్పు తగిలి పేలి 17 మంది మరణించారు. ఆ పరిశ్రమలలో పిల్లలు పనిచేస్తున్న ఇళ్ళు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఆ సాయంత్రం ఫోను ఎత్తని కొడుకు కోసం తల్లులు ఎలా ఎదురుచూశారో ఊహించుకోండి.

దానికి నాలుగేళ్ళ ముందు, 2020 మే 7న తెల్లవారుజామున మూడుగంటల వేళ, విశాఖలోని ఎల్.జి. పాలిమర్స్ నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ళమీద పరచుకున్నది. 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారంలో సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉండీ, ఒక్కచోటా మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. అక్కడి జనం గంట వినకుండానే నిద్రలోనుండి వీధులలోకి పరుగెత్తి కూలిపోయారు. మాకు ఆ ఉదయం గంట మోగింది. మేము కూర్చున్నాము. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు నాకు సిగ్గు వేసింది.

పెద్ద కర్మాగారాల సంగతి అధికారులు చూసుకుంటారనుకుందాం. మన వీధిలోని చిన్న పరీక్షా కేంద్రం, మన పిల్లలు చదివే కళాశాల ప్రయోగశాల కూడా ప్రయోగశాలలే. అక్కడివారికి నా విన్నపాలు ఇవి:

ఎసిటోన్, ఈథర్, మిథనాల్, జైలీన్ వంటి మండే ద్రావకాలు ఆ రోజు పనికి కావలసినంతే బల్లమీద ఉంచండి. తక్కినవి బ్యాటరీలకు, స్విచ్ బోర్డులకు దూరంగా, మూతపడే ఇనుప బీరువాలో పెట్టండి. ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్‌లో ఈథరు, ఎసిటోను ఉంచకండి. లోపలి చల్లదనాన్ని నియంత్రించే మీట దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, తలుపు పగిలి ఎగిరిపడడానికి.

క్రియాటినిన్ పరీక్షకు వాడే పసుపుపచ్చని పిక్రిక్ ఆమ్లం తడిగా ఉన్నంతవరకు సాధువు. ఎండి పలుకులు కట్టితే పేలుడు పదార్థం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుండ్లలో దట్టించినది దానినే. బీరువా మూలలో మూత చుట్టూ పలుకులు కట్టిన పాత సీసా కనబడితే మూత తిప్పకండి, కదపకండి. గది మూసి, తెలిసినవారిని పిలవండి.

ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. స్పిరిట్ దీపాన్ని ఆర్పి, చల్లారనిచ్చిన తరువాతే నింపాలి. ప్రయోగశాలలో నూలు కోటు వేసుకోవాలి. 2008 డిసెంబరులో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో గాలి తగిలితేనే మండే రసాయనం ఒలికి, ఒక యువ పరిశోధకురాలి ఒంటిమీది కృత్రిమ దారపు స్వెటరు అంటుకున్నది. ఆమె ఆ రోజు కోటు వేసుకోలేదు. 18 రోజుల తరువాత మరణించింది. మన దగ్గర నైలాను చీరకొంగులకూ, చున్నీలకూ ఇదే ప్రమాదం.

దిగడం ఎలా?

గంట మోగగానే చేతిలోని పని విడిచిపెట్టండి. దీపమో గ్యాసో చేతికందే దూరంలో ఉంటే ఆపండి. లేకుంటే దానికోసం వెళ్ళకండి. సంచి, రసీదు, చెప్పులు, సెల్‌ఫోను ఛార్జరు, పరీక్షకిచ్చిన నమూనాలు: ఏవీ వద్దు. రక్తం మళ్ళీ తీసుకోవచ్చు.

"లేవండి, దిగుదాం" అని పైకి అనండి. మీరు ఆ గదిలో అందరికంటే చిన్నవారైనా సరే అనండి. నోటితో అన్న మాట గంటకంటే బలమైనదని నేను కళ్ళారా చూశాను.

లిఫ్టు వద్దు. కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది. లిఫ్టు గొయ్యి పొగకు గొట్టంలా పనిచేస్తుంది. మెట్లమీద ఒక పక్కగా, పరుగెత్తకుండా, ఆగకుండా దిగండి. మూసివున్న తలుపు తెరిచేముందు చేతి వెనుకభాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే ఆ దారి వదిలెయ్యండి. దాటిన ప్రతి తలుపునూ వెనుక మూసుకుంటూ పోండి. మూసిన తలుపు పొగను కొన్ని నిమిషాలు ఆపుతుంది, ఆ కొన్ని నిమిషాలలో మరొకరు దిగగలరు. పొగ పైకి చేరుతుంది గనుక, అది దట్టంగా ఉంటే మోకాళ్ళమీద పాకండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. నేలమీద పడుకొని దొర్లాలి.

దిగే దారి మూసుకుపోతే, వీధివైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు మూసి, సందులలో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర నిలబడి పిలవండి. 101కి గాని 112కి గాని ఫోను చేసి ఏ అంతస్తులో ఉన్నారో చెప్పండి. ఇది చివరి ఉపాయమే. మొదటి ఆశ్రయం కాదు. బయట వ్యాపించిన విషవాయువు సంగతి వేరు. అప్పుడు గాలికి ఎదురుగా పోవద్దని కొందరు, పొమ్మని కొందరు అంటారు. వాయువు పుట్టినచోటునుండి గాలి మీవైపు వీస్తూ ఉంటే, ఆ గాలికి అడ్డంగా పక్కకు జరిగిపోవడం మేలు.

మంటను ఆర్పే సిలిండరు చెత్తబుట్టంత మంటకే పనికివస్తుంది. వెనుక మీకు దారి ఉంటేనే దానిని పట్టుకోండి. పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపండి. విద్యుత్ మంటపై నీళ్ళు పోయరాదు.

బయట అందరూ చేరవలసిన చోటు ముందే అనుకొని ఉండాలి. చేరగానే తలలు లెక్కపెట్టాలి. బాత్రూములో ఉన్నవారు, చెవులు సరిగా వినపడనివారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు, వీరిని ఎవరు చూడాలో ముందే చెప్పుకోవాలి. ఎవరైనా లోపల మిగిలితే ఆ సంగతి అగ్నిమాపక సిబ్బందికి చెప్పండి. మీరు లోపలికి వెళ్ళకండి.

బయటపడిన తరువాత

పొగ పీల్చినవారు "నాకేం కాలేదు" అంటారు. మాట బొంగురుపోయినా, ముక్కులో, ఉమ్మిలో మసి కనబడినా, ముక్కువెంట్రుకలు కమిలినా, తలనొప్పి, మగత, ఆయాసం ఉన్నా వెంటనే 108 పిలిచి ఆసుపత్రికి చేర్చండి. గర్భిణులను, గుండెజబ్బు ఉన్నవారిని ఏ లక్షణమూ లేకపోయినా చూపించండి.

కోవిడ్ కాలంలో ఇంటింటా చేరిన, వ్రేలికి తగిలించే ఆక్సిజన్ పరికరాన్ని ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినదానిగానే లెక్కకడుతుంది. రోగి ప్రమాదంలో ఉండగా 98 అని చూపవచ్చు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది; మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అందుకే ఆసుపత్రి.

కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీరు పోయండి. మంచుగడ్డ, సిరా, పళ్ళపేస్టు, నెయ్యి వద్దు. కంట్లో రసాయనం పడితే రెప్ప తెరిచి, కనీసం పదిహేను నిమిషాలు నీటిధారతో కడిగి, తరువాతే వైద్యుని దగ్గరకు పరుగెత్తండి. ముందు పరుగెత్తితే దారిలోనే చూపు పోవచ్చు.

మళ్ళీ అదే భవనం

నివేదికలు తెచ్చుకోవడానికి వారం తరువాత ఆ కేంద్రానికి మళ్ళీ వెళ్ళాను. మెట్లమీద అట్టపెట్టెలు లేవు. బ్యాటరీల గదిలోనుండి స్పిరిట్ డబ్బాలు తీసివేశారు. మోటారు సైకిలు మాత్రం అక్కడే ఉన్నది. రక్తం తీసే కుర్రవాడిని పిలిచి అడిగితే, "ఓనరు గారిది సార్, నేనెలా చెబుతాను?" అన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. బండి పక్కకు జరిగింది. ఇటువంటి మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టిందని ఆయనకు తెలియదు.

మీకు నేను చెప్పే మందు చిన్నది. ఈ వారంలో మీరు పనిచేసే చోట, మీ పిల్లలు చదివే చోట, ఒకసారి లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి చూడండి. ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. దారిలో ఏమి అడ్డం ఉన్నదో చూసి, ఎవరిదో కనుక్కొని, వారికి మర్యాదగా చెప్పండి. తరువాత ఎప్పుడైనా పైకప్పున ఆ తెల్లని డబ్బా మోగితే, అందరి ముఖాలూ చూడకుండా లేవండి. మిమ్మల్ని చూసి లేచేవారు ఆ గదిలో ఎందరున్నారో మీకు ముందుగా తెలియదు.